గాజులు తీయని వీరుడు

మా తరం పిల్లలకు సాహసమంటే చందమామ సీరియలే. సుగటూరులో మా ఇంటి మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం, సంతలో ఆ రెండూ కలిసిన ఇంకో భాష. ఇన్నింటి మధ్య తెలుగు అక్షరాన్ని మా గడప దాటించింది చందమామ పత్రిక. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక మా చిన్నప్పటికి కోలారు బస్టాండు అంగట్లో కన్నడ చందమామ పక్కనే దారానికి వేలాడుతూ ఉండేది. మా నాయన బెల్లం మండీకో కోర్టు పనిమీదో కోలారు పోయినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. ఇంట్లో ఐదుగురం పిల్లలం. ముందు ఎవరు చదవాలనే దానిమీద జరిగిన యుద్ధాలు సీరియల్లో యుద్ధాలకు తీసిపోయేవి కావు.

ఆ సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మాబోటివాళ్ళకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. ఆయన 2010లో పోయారు. పత్రిక కూడా ఇప్పుడు రావడం లేదు. కానీ ఆ పేర్లు మాత్రం నాకు మా చుట్టాల పేర్లలాగా జ్ఞాపకం. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరు స్నేహితులు అడవిలో పోతూ ఉంటారు. ఒకరికోసం ఒకరు ప్రాణం పెడతారు. మేము దాన్ని స్నేహమనే చదువుకున్నాం, అది స్నేహమే. అందులో ఇంకేదో దాగి ఉందని ఈ వయసులో వెతకబోవడం లేదు. నేను చెప్పదలిచింది వేరే. వీరుడంటే ఎట్లా ఉంటాడో ఆ కథలూ ఆ బొమ్మలూ మా మనసుల్లో తేల్చిపారేశాయి. ఛాతీ ఇంత, మీసం ఇంత, చేతిలో కత్తి. మిగిలినవాళ్ళు విడిపించబడేవాళ్ళు, లేకపోతే నవ్వించేవాళ్ళు.

కత్తులు మా ఊరికి కొత్త కాదు. పాళెగాళ్ళ కాలంలో సుగటూరు తమ్మేగౌడల పేరు కోలారు సీమంతా మోగింది. ఆ రోషమేదో మాకూ అంటినట్టు చెరువుకట్ట మీద వెదురు కర్రలతో యుద్ధాలు చేసేవాళ్ళం. చేసేవాళ్ళం అంటున్నానేగానీ, ఆడపిల్లనని నన్ను రాజకుమారిని చేసి గుడి మంటపంలో కూచోబెట్టేవాళ్ళు. ఎవరో ఒకరు వచ్చి విడిపించేదాకా కదలగూడదు. ఒక్కోసారి వాళ్ళు ఆటలో పడి మరిచిపోయి ఇంటికి పోయేవాళ్ళు.

ఇదంతా మొన్నటి ఎండాకాలం రజకు వచ్చిన నా మనవరాలివల్ల గుర్తొచ్చింది. నా కూతురి కూతురు. బెంగుళూరులో ఇంగ్లీషు మీడియం. పదకొండేళ్ళు. మాట్లాడేది మన తెలుగే, చదివేది మాత్రం ఇంగ్లీషే. ఈసారి దిండంత లావు పుస్తకం తెచ్చుకుంది. "ఏమి పుస్తకమే?" అంటే "నైట్ కథ అవ్వా" అంది. రాత్రి కథ, దయ్యాల కథ అనుకున్నాను. నైట్ అంటే రాత్రి కాదట. పాతకాలం ఐరోపాలో గుర్రమెక్కి, ఇనుప కవచం తొడుక్కుని, రాజుకు ప్రమాణం చేసిన యోధుడట. మన వైపు మాటల్లో చెప్పాలంటే పాళెగాని దగ్గర బంటు అనుకోవచ్చు.

పుస్తకం పేరు సర్ కాలీ అండ్ ది ఛాంపియన్స్ ఆఫ్ హెల్‌స్టన్. రాసినవారు ఎస్మే సైమ్స్-స్మిత్. 2022లో వచ్చింది, తర్వాత దానికి కొనసాగింపులూ వచ్చాయి. హెల్‌స్టన్ అనేది ఒక కల్పిత రాజ్యం. అక్కడ మగపిల్లలు కత్తిసాము నేర్చుకోవాలి, ఆడపిల్లలు మంత్రవిద్య నేర్చుకోవాలి. అది కట్టుబాటు. కాలీ అనే పన్నెండేళ్ళ పిల్ల, లేక పిల్లవాడు అక్కడికి వస్తారు. నైట్ కావాలని వాళ్ళ ఆశ. ఇబ్బంది ఏమంటే కాలీ తనను ఆడపిల్ల అనుకోరు, మగపిల్లవాడనీ అనుకోరు. ఆ రాజ్యపు యువరాజుకేమో కత్తి చేతకాదు, చేతనైంది మంత్రవిద్య. కట్టుబాటు ఇటొకరిని అటొకరిని నలుపుతూ ఉంటుంది.

పాప ఈ కథ నాకు తెలుగులో చెప్పబోయి మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. "కాలీ ఆ కోటకు పోయినాడు... లేదు, పోయింది... అవ్వా, ఎట్ల చెప్పాల?"

నేను ముప్పైయేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. వ్యాకరణమంటే నాకు పేచీ లేదు. "పోయినారు అను" అన్నాను.

పాప కాసేపు ఆలోచించి, "అది పెద్దోళ్ళకి కదా?" అంది.

"పెద్దోళ్ళకని ఎవరు చెప్పినారు? మర్యాదకు. మర్యాద ఇచ్చినాక ఆడా మగా అని అడిగే పని లేదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే దాన్ని మళ్ళీ మళ్ళీ తలచుకున్నాను. మన భాష ఎంత పెద్దమనసుదో చూడండి. నేను వచ్చాను అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. నువ్వు వచ్చావు అన్నా తెలియదు. వాళ్ళు వచ్చారు అన్నా తెలియదు. కన్నడంలోనూ అంతే. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే మన క్రియాపదం ఆ మనిషిని ఏమీ అడగదు. ఆ మనిషి పక్కకు పోయి, మనం ఏకవచనంలో చాటుమాటగా చెప్పుకునేటప్పుడే వాడా, అదా అనే తగువు వస్తుంది. నాలుగు రోజుల్లో పాపకు అలవాటైపోయింది. కాలీ వచ్చినారు, కాలీ కొట్టినారు, కాలీ ఏడ్చినారు అని చెప్పుకుంటూ పోయింది. వినే నాకు ఎక్కడా తట్టుకోలేదు.

తట్టుకున్నది మా అల్లుడికి. ఫోనులో కథంతా విని పాప పక్కకు పోయాక నాతో అన్నాడు. "అత్తా, ఆ పుస్తకం పాపకి వద్దు. ఈ వయసులో అట్లాంటివి యాల? పెద్దయినాక తెలుసుకుంటారు."

మా అల్లుడు మంచివాడు. తన కూతురి మనసు కలతపడకూడదని అతని బాధ. ఆ బాధ అతనొక్కడిదే కాదు, దేశదేశాల్లోనూ ఉంది. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఒక జిల్లాలో బడి పిల్లలకు ఇట్లాంటి కథలు చదివిస్తున్నారని కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, ఆ పాఠాలనుంచి తమ పిల్లలను తప్పించుకునే వీలు వాళ్ళకు ఉండాలని ఆ దేశపు సుప్రీం కోర్టు 2025 జూన్‌లో తీర్పునిచ్చింది. కాబట్టి మా అల్లుణ్ణి పాతకాలం మనిషని నవ్వి తోసెయ్యడానికి లేదు. అతని ప్రశ్నకు జవాబు చెప్పాలి.

నాకు తోచిన మొదటి జవాబు ఇది. ఆ పుస్తకంలో పెద్దల విషయాలు ఏమీ లేవు. ఒక బిడ్డ తాను తానుగా ఉంటూ కత్తి పట్టాలనుకోవడం ఉంది. కాలీని సాకేది ఇద్దరు తండ్రులు, ఆ సంగతీ ఉంది. మనం ఐదేళ్ళ పిల్లకు చెప్పే కథల్లో రాక్షసుణ్ణి చంపినవాడికి అర్ధరాజ్యమూ రాజకుమార్తే ఇచ్చి పెళ్ళి చేస్తాం. అది వయసుకు మించిన విషయమని ఏ తండ్రీ అనలేదు. పెళ్ళి సంగతి పిల్లలకు చెప్పవచ్చు, ఇద్దరు తండ్రులు బిడ్డకు అన్నం పెట్టే సంగతి చెప్పకూడదా?

రెండో జవాబు ఇంకా దగ్గరిది. పెద్దయినాక తెలుసుకుంటారు అనే మాట అట్లా కాని పిల్లల విషయంలో సరిపోతుంది. అట్లా అయిన పిల్లకు అది పెద్దయ్యేదాకా ఆగదు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు.

1994లో నేను ఈ జిల్లాలోనే ఒక బడిలో పనిచేస్తూ ఉండగా వార్షికోత్సవానికి ఉత్తర గోగ్రహణం నాటకం వేయించాను. ఆ కథ మనకు అందరికీ తెలిసిందే. ఉత్తర కుమార ప్రగల్భాలని మనమంటాం. ఉత్తరన పౌరుష ఒలెయ ముందె అని కన్నడంవాళ్ళంటారు, ఉత్తరుడి పౌరుషమంతా పొయ్యి ముందరే అని అర్థం. తెలుగులో నర్తనశాల సినిమా 1963లో వచ్చినప్పటినుంచీ రామారావు బృహన్నల, రేలంగి ఉత్తరుడు అందరి కళ్ళల్లోనూ ఉన్నారు. వానలు పడకపోతే ఊళ్ళలో విరాటపర్వం చదివించే అలవాటూ మన వైపు ఉండేది. అందువల్ల పిల్లలకు కథ కొత్తగా చెప్పే పని లేదు, వేషాలు పంచడమే పని.

మగపిల్లలందరూ అర్జునుడు కావాలన్నారు. ఒక్క పిల్లవాడు మాత్రం "నేను బృహన్నల" అన్నాడు. పదమూడేళ్ళవాడు. ఒకే పాత్ర కదరా, బృహన్నలే అర్జునుడు కదా అని తోటివాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. సాధన చేసేటప్పుడు వాడి నడక, చేయి తిప్పడం, ఉత్తరుణ్ణి బుజ్జగించడం చూస్తే నాకు ముచ్చటేసింది. బడిలో ఎప్పుడూ గోడకు ఆనుకుని నిలబడే పిల్లవాడు అక్కడ నిటారుగా నిలబడ్డాడు.

జమ్మిచెట్టు ఘట్టం వచ్చింది. భారతంలో ఏముందంటే, పారిపోతున్న ఉత్తరుణ్ణి బృహన్నల తరిమి పట్టుకుంటాడు. జడ ఊగుతూ, ఎర్రబట్టలు ఎగురుతూ పరుగెత్తే ఆ రూపాన్ని చూసి కౌరవ సైనికులు కొందరు నవ్వుతారు. తర్వాత జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించి, తానెవరో చెప్పి, చేతుల గాజులు తీసేసి, జుట్టును తెల్లని గుడ్డతో కట్టి, అర్జునుడుగా గాండీవం పట్టుకుంటాడు. నేను పిల్లవాడికి అదే చెప్పాను. ఇక్కడ గాజులు తియ్యాలి అన్నాను.

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "యాల తియ్యాల మేడం? గాజులేసుకొని బాణమెయ్యలేనా?"

కథలో అట్లా ఉంది నాయనా అన్నాను. నాటకం రోజు వాడు గాజులు తీశాడు, బాణం వేశాడు, ఊరంతా చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడు వాడు బడికి రాలేదు. బడి దారిలో వాడికి పెట్టిన పేర్లు నేను ఇక్కడ రాయను. మీరు వినని పేర్లు కావు. ఇంటికి పోయి అడిగితే బెంగుళూరులో హోటల్లో పనికి పెట్టామని వాళ్ళ అమ్మ చెప్పింది, కళ్ళు పైకెత్తకుండా.

ఇరవై ఏళ్ళు దాటాక ఒకనాడు కోలారు బస్టాండులో ఒకామె నన్ను "మేడం" అని పిలిచింది. మంచి చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, తన తోటివాళ్ళతో నిలబడి ఉంది. కన్నడంలో వాళ్ళను గౌరవంగా మంగళముఖి అంటారు. గొంతును బట్టి కాదు, చేతులు వెనక్కి పెట్టుకున్న తీరును బట్టి గుర్తుపట్టాను. ఇద్దరం టీ తాగాం. పేరు మార్చుకున్నానని చెప్పింది. ఆ పేరుతోనే పిలిచాను. మాటల మధ్య నాటకం సంగతి వచ్చింది. "బడిలో అదొక్క దినమే మేడం నేను నేనుగా ఉండింది. అదీ జమ్మిచెట్టు దాకా" అంది.

అదీ జమ్మిచెట్టు దాకా. ఈ ఒక్క మాటలో మన కథల సంగతంతా ఉంది. మన కథల్లో ఇట్లాంటివాళ్ళు లేరని ఎవరైనా అంటే అది అబద్ధం. ఉన్నారు, రథం మీదే ఉన్నారు. కానీ షరతు ఒకటుంది. బృహన్నలగా ఉండడం ఊర్వశి శాపం, ఏడాది గడువు. గెలవవలసిన ఘడియ వచ్చేసరికి గాజులు తియ్యాలి.

ఆ తర్వాత కథ ఇంకా పదునైనది. అర్జునుడు మళ్ళీ గాజులు తొడుక్కుని బృహన్నలగానే పురానికి తిరిగి వస్తాడు. విరాటరాజు తన కొడుకే కౌరవసేనను గెలిచాడని పొంగిపోతూ కంకుభట్టుతో జూదమాడుతూ ఉంటాడు. కంకుభట్టంటే ధర్మరాజు. రాజు కొడుకును పొగిడినప్పుడల్లా, బృహన్నల సారథిగా ఉండగా గెలవకేం అంటాడు ధర్మరాజు. రాజుకు మండిపోతుంది. నా కొడుకుకు సమంగా ఒక పేడిని పొగుడుతావా అని పాచికతో ముఖం మీద కొడతాడు. ముక్కునుంచి నెత్తురు కారుతుంది. సైరంధ్రి పాత్ర తెచ్చి ఆ నెత్తురు కింద పడకుండా పడుతుంది.

ఈ ఘట్టం నేను చిన్నప్పటినుంచీ ఎన్నోసార్లు విన్నాను. ధర్మరాజు ఓర్పుకు, సైరంధ్రి సమయస్ఫూర్తికి ఉదాహరణగా చెప్పేవాళ్ళు. నాకిప్పుడు అందులో ఒక తండ్రి కనిపిస్తున్నాడు. తన బిడ్డను యుద్ధంలోంచి బతికించి తెచ్చిన మనిషిని పొగిడితే ఓర్చుకోలేని తండ్రి. ఆ మనిషి అర్జునుడని తెలిశాక కూతురినే ఇవ్వబోయాడు, చివరకు అభిమన్యుడికిచ్చి అర్జునుడికి కోడలుగా పంపాడు. బృహన్నలగా ఉన్నంతసేపూ మాత్రం ఆ పేరు వినడానికే అతనికి మనసొప్పలేదు.

మరి శిఖండి సంగతి? పిల్లల భారతంలో శిఖండి ఒకే ఒక్క పేజీలో వస్తాడు. భీష్ముడి ముందు నిలబెట్టడానికి అర్జునుడికి అడ్డుగా దొరికినవాడు, అంతే. కానీ ఉద్యోగపర్వంలో భీష్ముడే దుర్యోధనుడికి చెప్పే కథ తీసి చూడండి. అది అచ్చంగా పిల్లల సాహసకథ. ద్రుపదుడికి ఆడపిల్ల పుడుతుంది. పుట్టిన బిడ్డ కొడుకే అవుతుందని శివుడు మాట ఇచ్చాడని తల్లిదండ్రులు కొడుకుగానే పెంచుతారు. ద్రోణుడి దగ్గర విలువిద్య నేర్పిస్తారు. దశార్ణ రాజు కూతురితో పెళ్ళి చేస్తారు. నిజం బయటపడి మామ సైన్యంతో దండెత్తి వస్తానంటాడు. నావల్ల కదా అమ్మానాన్నలకు ఈ ముప్పు అని ఆ బిడ్డ చచ్చిపోదామని అడవికి పోతుంది. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు ఎదురై, ఎందుకమ్మా ఇట్లా కృశించిపోతున్నావని అడుగుతాడు. సంగతి విని తన మగతనాన్ని కొంతకాలానికి అప్పు ఇస్తాడు. ఈ సంగతి తెలిసిన కుబేరుడు కోపించి యక్షుణ్ణి శపిస్తాడు. శిఖండి మాత్రం గడువు ప్రకారం తిరిగి ఇచ్చేద్దామని వస్తాడు, మాట తప్పడు. శిఖండి బతికినంతకాలం ఆ రూపం శిఖండిదే అని చివరకు తేలుతుంది.

నేను ఈ కథ పాపకు చెప్పినప్పుడు నోరు తెరుచుకుని విన్నది. "అవ్వా, ఇది కాలీ కథ మాదిరే ఉండాది!" అంది. మాదిరే. కాకపోతే మనం దాన్ని దాచిపెట్టి, బాణానికి అడ్డం పెట్టిన ముక్కను మాత్రం పిల్లలకు పంచాం. ఇంగ్లీషులోనూ ఇది ఒక్కసారిగా వచ్చింది కాదు. టమోరా పియర్స్ 1983లో రాసిన అలానా కథలో ఆడపిల్ల నైట్ కావాలంటే మగపేరు పెట్టుకుని మగవేషం వేసుకోవలసి వచ్చింది. వేషం వేయనవసరంలేని కాలీ రావడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది.

మా అల్లుడు, మన సంస్కృతిలో ఇవి లేవత్తా అన్నాడు ఇంకోసారి. లేదప్పా, ఒకసారి కరగకు పోయి వద్దాం రా అన్నాను. బెంగుళూరు తిగళరపేట ధర్మరాయస్వామి గుడిలో చైత్ర పున్నమి రాత్రి జరిగే కరగ గురించి మీకు చెప్పనక్కరలేదు. మన కోలారులో, మాలూరులో కూడా చేస్తారు. కరగ మోసే ఆయన ఆ రాత్రికి ద్రౌపది. గాజులు, తాళి, కాటుక, తలమీదినుంచి జలపాతంలాగా మల్లెపూలు. చుట్టూ ఒంటిమీద చొక్కా లేకుండా, దూసిన కత్తులు పట్టుకుని వీరకుమారులు. తిమిరాసురుణ్ణి చంపడానికి ద్రౌపదీదేవి పుట్టించిన సైన్యం తామని వాళ్ళ నమ్మకం. వాళ్ళలో పెద్దల పక్కన నడిచే చిన్నపిల్లలూ ఉంటారు. ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి మరీ పోతుంది.

కరగ మోసే ఆయన గృహస్థు. ఆయనకు నేను వేరే పేరు పెట్టడం లేదు. అది వ్రతం, దేవతా కార్యం. నేను చూసేది ఆ కత్తులు పట్టిన పిల్లలను. పదేళ్ళ పిల్లవాడు రాత్రంతా నిద్ర మానుకుని, చీర కట్టి గాజులు తొడిగిన ఒక మగమనిషి చుట్టూ కాపలాగా నడుస్తాడు. నవ్వడు. గోవిందా గోవిందా అంటాడు. వీరుడంటే తనకంటే వేరుగా ఉన్నవాళ్ళకు కాపలా కాసేవాడు అని ఆ పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పలేదు, కాళ్ళతో నడిచి నేర్చుకున్నాడు. మరుసటి సోమవారం అదే పిల్లవాడు బడిలో మరొక పిల్లవాణ్ణి నడక చూసి ఎగతాళి చేస్తే, ఆ రెండింటికీ మధ్య ముడి వేసి చూపించేది ఎవరు? కథే చెయ్యాలి ఆ పని.

చట్టం తన పని కొంత చేసింది. మూడో లింగాన్ని గుర్తించాలని సుప్రీం కోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న చెప్పింది. 2021లో కర్ణాటక ప్రభుత్వం తన ఉద్యోగాల్లో వీరికి ఒక శాతం కేటాయించింది. అదే సంవత్సరం, కర్ణాటక జానపద అకాడెమీకి అధ్యక్షురాలైన మంజమ్మ జోగతి పద్మశ్రీ అందుకుంది. ఇవన్నీ పెద్దవాళ్ళకు అందేవి. పదమూడేళ్ళప్పుడు బడి మానేసినవాళ్ళకు ఉద్యోగంలో ఒక శాతం ఏ మూలకు? ఆ వయసులో చేతికి అందేది చట్టం కాదు, కథ.

మన పత్రిక పాఠకులకు ఈ మాట ఎక్కువ విప్పి చెప్పనక్కరలేదనుకుంటాను. పుస్తకంలో తన ముఖం కనబడకపోవడం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. బడి పుస్తకంలో మన ఇంటి మాట లేదు. విజయవాడనుంచో హైదరాబాదునుంచో వచ్చిన తెలుగు పుస్తకంలోనూ మన ఇంటి మాట లేదు. మా ఇంట్లో అవ్వ, ఆ పుస్తకంలో అమ్మమ్మ. మనం మాట్లాడేది తప్పు తెలుగేమో అని ఎన్నేళ్ళు గొంతు తగ్గించుకున్నాం! నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు యాసలో రాసిన పచ్చనాకు సాక్షిగా నా చేతికి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. మా అమ్మ మాట అచ్చులో ఉంది. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. అంతకుముందు నేను లేనని కాదు. ఉన్నానని ఎవరూ అచ్చువేయలేదు, అంతే.

ఒక యాసకే అంత ఆకలి ఉంటే, ఒక బిడ్డకు తన మనసూ తన ఒళ్ళూ ఎక్కడా అచ్చులో కనబడకపోతే ఎట్లా ఉంటుంది? కనబడిన ఒకటి రెండు చోట్ల కూడా నవ్వించడానికో, శాపానికో, అడ్డం పెట్టుకోవడానికో కనబడితే?

నా మనవరాలు ఎట్లాంటి మనిషిగా పెరుగుతుందో నాకు తెలియదు, దానికీ తెలియదు, తెలియవలసిన తొందరా లేదు. ఆ పుస్తకం చదివినందువల్ల ఎవరూ మారిపోరు. నేను అన్నేళ్ళు చందమామ చదివి మీసాలు పెంచలేదు. కానీ దాని తరగతిలో గోడకు ఆనుకుని నిలబడే పిల్లలు ఎవరైనా ఉంటే, ఆ పిల్లలను చూసి ఇది నవ్వకుండా పక్కన పోయి నిలబడితే చాలు. మా అల్లుడు పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే పుస్తకం సుగటూరులో అవ్వ దగ్గర ఉండనీ, రజకు వచ్చినప్పుడు అక్కడే చదువుకోనీ అన్నాడు. అతనికి అది చిన్న మాట కాదు. నేను మర్యాదగా తీసుకున్నాను.

నాకు ఇప్పుడు చేతిలో ఒక పని ఉంది. శిఖండి అడవికి పోయిన కథను మన మాటల్లో పిల్లలకోసం రాస్తున్నాను. యక్షుడు అడిగే ఘట్టం దాకా వచ్చాను. "ఎవరు నాయనా నువ్వు" అని రాయాలా, "ఎవరమ్మా నువ్వు" అని రాయాలా అని ఒక పూటంతా ఆగి, చివరకు "ఎవరు మీరు, ఎందుకు ఏడుస్తున్నారు" అని రాశాను. గాజులు తీసే మాట ఎక్కడా రాయలేదు. మీ ఊళ్ళలో కేళికెల్లోనో హరికథల్లోనో శిఖండి కథను, బృహన్నల కథను పెద్దవాళ్ళు వేరేవిధంగా చెప్పి ఉంటే, వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. రాసుకున్నది మన పత్రికకు పంపండి. పిల్లలకు చదివి వినిపించే పని నేను చూసుకుంటాను.